పలకని బిడ్, వేయని లీడ్

బ్రిడ్జి ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరేసి భాగస్వాములుగా నలుగురు ఆడే పేకాట. ముందు బిడ్డింగులో, అంటే వేలంలో, ఎన్ని ట్రిక్కులు (నలుగురూ ఒక్కో ముక్క వేసే చుట్లు) గెలుస్తామో, ఏ సూటు తురుఫుగా, అంటే మిగతా సూట్లను కొట్టేదిగా, ఉండాలో పలుకుతారు. వేలంలో నెగ్గిన మాటే కాంట్రాక్టు. దాన్ని ఆడేవాడు డిక్లేరర్, ముక్కలు పరిచి ఊరుకునే అతని భాగస్వామి డమ్మీ, ట్రిక్కులో మొదట పడే ముక్క లీడ్. బ్రిడ్జిలో మొదటి లీడ్ పడి, డమ్మీ తన ముక్కలను బల్ల మీద పరిచేసరికి డిక్లేరర్‌కు 27 ముక్కలు కనిపిస్తాయి: తనవి 13, డమ్మీవి 13, లీడ్‌గా పడిన ముక్క ఒకటి. మిగిలిన 25 ముక్కలు ఇద్దరు ప్రత్యర్థుల చేతుల్లో దాగి ఉంటాయి. ఈ లెక్క బ్రిడ్జి నేర్చుకున్న మొదటి రోజే తెలుస్తుంది. ఆ దాగి ఉన్న ముక్కల గురించి అప్పటికే మనకు ఎంతో వినిపించి ఉంటుందన్న సంగతి మాత్రం ఏళ్ల తరబడి ఆడినవారికి కూడా ఆట మధ్యలో గుర్తుకు రాదు. బిడ్డింగును కాంట్రాక్టు ఎవరిదో తేల్చే వేలంగా మాత్రమే చూస్తాం. వేలం ముగియగానే అందులో ఎవరు ఏమన్నారో, ఎవరు ఏమీ అనకుండా ఊరుకున్నారో పక్కన పెట్టేసి, కంఠస్థం చేసిన శాతాల పట్టికను మనసులో తెరుస్తాం. ఐదు ముక్కలు బయట ఉంటే 3-2గా చీలే అవకాశం 68 శాతం, నాలుగు ఉంటే 3-1గా 50, 2-2గా 40, ఆరు ఉంటే 4-2గా 48, 3-3గా 36 అని లెక్క వేసుకుని ముక్క వేస్తాం.

ఆ అంకెలు తప్పని నేను అనడం లేదు. అవి ఏమీ వినని మనిషికి వర్తించే అంకెలు అంటున్నాను. బిడ్డింగు విన్నవాడికి, లీడ్ చూసినవాడికి అవే అంకెలు అలాగే వర్తించవు. అంతకన్నా ముఖ్యంగా, మనం విన్నవాటిలోనూ చూసినవాటిలోనూ అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం ప్రత్యర్థి చేసినది కాదు, చేయగలిగి ఉండీ చేయనిది. అతను పలకని బిడ్, అతను వేయని లీడ్.

నాకు తెలిసిన తెలుగు బ్రిడ్జి ఆటగాళ్లు దాదాపు అందరూ రమ్మీ దాటుకుని వచ్చినవారే. రమ్మీలో ఈ విద్య వారికి బాగా తెలుసు. పక్కవాడు ఏ ముక్క ఎత్తుకున్నాడో గమనించడమే కాదు, మనం పారేసిన ఆఠీను 8ని ఎత్తకుండా వదిలేశాడంటే దాని చుట్టుపక్కల ముక్కలు అతనికి పనికిరావని కూడా వారు క్షణంలో గ్రహిస్తారు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో, 1968 నాటి లా రిపోర్టుల్లోకి ఎక్కిన తీర్పులో, సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలిసి ఉండాలి అని చెబుతూ, రమ్మీలో ఉండే అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని పోల్చింది. డూప్లికేట్ బ్రిడ్జిలో అవే చేతులు మిగతా బల్లల మీద కూడా ఆడతారు కాబట్టి పంపకంలోని అదృష్టం చాలావరకు తీసివేతకు పోతుంది. ఇక మిగిలేది అనుమానించి, లెక్కగట్టి, తేల్చుకునే పనే. రమ్మీలో అంత సహజంగా చేసిన ఆ పనిని బ్రిడ్జి బల్ల దగ్గర ఎందుకు వదిలేస్తామో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒక చేతిని దగ్గరగా చూద్దాం. ప్రత్యర్థులు తూర్పు, పడమర. తూర్పు డీలర్ (బిడ్డింగులో మొదట పలికేవాడు), పాస్ చెప్పాడు, అంటే ఏ బిడ్డూ పలకలేదు. దక్షిణంలో ఉన్న మనం ఒక ఇస్పేటుతో ఓపెన్ చేశాం, అంటే మొదటి బిడ్ పలికాం. పడమర పాస్, మన భాగస్వామి మూడు ఇస్పేట్లు, తూర్పు మళ్లీ పాస్, మనం నాలుగు ఇస్పేట్లకు (ఇస్పేటు తురుఫుగా 13 ట్రిక్కుల్లో పది గెలవాలి, మూడే పోవచ్చు) వెళ్లాం. అంతటితో బిడ్డింగు ముగిసింది. మన చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, జాకీ, 9, 8, 5. ఆఠీను 7, 4. డైమండ్ రాజు, రాణి, 6. కళావరు 7, 5 ఉన్నాయి. డమ్మీలో ఇస్పేటు రాణి, 10, 7, 4. ఆఠీను 8, 6, 3. డైమండ్ ఆసు, జాకీ, 5. కళావరు రాజు, జాకీ, 4 వచ్చాయి. తురుఫులో నష్టం లేదు, డైమండ్‌లో లేదు. ఆఠీనులో రెండు ట్రిక్కులు పోతాయి. కళావరులో ఒకటే పోవాలి, రెండు పోతే కాంట్రాక్టు పోయినట్టే.

పడమర ఆఠీను 2 లీడ్ చేశాడు. తూర్పు రాణితో గెలిచి, రాజు వేసి, ఆ తర్వాత ఆసు కూడా వేశాడు. మూడోదాన్ని మనం తురుఫుతో కొట్టాం. ప్రత్యర్థుల తురుఫులు అయిపోయేదాకా లాగేసి, ఇక కళావరు 5ని డమ్మీ వైపు నడిపించాలి. పడమర చిన్న ముక్క వేశాడు. డమ్మీ నుంచి రాజు వేయాలా, జాకీ వేయాలా? ఆసు పడమర దగ్గర ఉంటే రాజు వేయాలి. రాణి పడమర దగ్గర, ఆసు తూర్పు దగ్గర ఉంటే జాకీ వేయాలి. శాతాల పట్టిక ఇక్కడ మౌనం వహిస్తుంది; దాని దృష్టిలో ఇది సగం సగం వ్యవహారం.

బిడ్డింగు విన్నవాడికి ఇందులో సగం సగం ఏమీ లేదు. తూర్పు ఇప్పటికే ఆఠీను ఆసు, రాజు, రాణి చూపించాడు. చేతి బలాన్ని లెక్కించే పద్ధతిలో ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున అవి 9 పాయింట్లు. కళావరు ఆసు కూడా అతని దగ్గరే ఉంటే 13 అవుతాయి. 13 పాయింట్లతో, అందులోనూ రెండు ఆసులతో, మొదటి అవకాశంలోనే పాస్ చెప్పేవాడు అరుదు. కాబట్టి ఆసు పడమర దగ్గరే ఉంది. రాజు వేయాలి. పడమర లీడ్ కూడా ఇదే కథ చెబుతోంది: తురుఫు కాంట్రాక్టు మీద ఆసు ఉన్న సూటు నుంచి చిన్న ముక్క లీడ్ చేయడానికి ఎవరూ ఇష్టపడరు. కళావరును అతను ముట్టుకోకపోవడానికి అదే కారణం అయి ఉండవచ్చు. ఒకటి గట్టి సాక్ష్యం, రెండోది దానికి తోడు వచ్చిన చిన్న సాక్ష్యం. రెండూ చేయని పనుల నుంచే వచ్చాయి.

పాస్ ఎందుకంత గట్టి సాక్ష్యమో ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆట మధ్యలో ప్రత్యర్థి మనల్ని మోసగించడానికి ఎన్నో అవకాశాలున్నాయి. అవసరం లేని పెద్ద ముక్క వేసి తన దగ్గర అంతకన్నా చిన్నది లేనట్టు నటించవచ్చు. వరుస ముక్కల్లో ఏది వేసినా ట్రిక్కు ఒకటే కాబట్టి ఆ నటనకు అతనికి ఖర్చు ఉండదు. కానీ 13 పాయింట్లు చేతిలో పెట్టుకుని పాస్ చెప్పడం అలాంటిది కాదు. ఎదురుగా కూర్చున్న అతని భాగస్వామి కూడా ఆ పాస్‌నే వింటాడు. మనల్ని మోసం చేయబోయి భాగస్వామిని మోసం చేస్తాడు, తమకు రావలసిన గేమ్‌ను (బోనస్ వచ్చే కాంట్రాక్టును) చేజేతులా పోగొట్టుకుంటాడు. అబద్ధం ఎంత ఖరీదైనదైతే సాక్ష్యం అంత నమ్మదగినది. బిడ్డింగులో మౌనం అన్నిటికన్నా ఖరీదైన అబద్ధం, కాబట్టే అది అన్నిటికన్నా నమ్మదగిన మాట.

అయితే ప్రతి పాస్‌కూ ఒకే విలువ ఉండదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పై చేతిలోనే ఆఠీను ఆసు, రాజు, రాణి తూర్పు దగ్గర కాక పడమర దగ్గర ఉన్నాయనుకుందాం. పడమర కూడా పాసే చెప్పాడు కదా, 13 పాయింట్లు ఉండవు కదా అని అదే సూత్రం వర్తింపజేస్తే పొరపాటు. పడమర పాస్ చెప్పింది మన ఒక ఇస్పేటు తర్వాత. అక్కడ నోరు తెరవాలంటే పాయింట్లు ఒక్కటే చాలవు, ఆకారం (ఏ సూటులో ఎన్ని ముక్కలున్నాయన్నది) కూడా కావాలి. రెండో మెట్టున ఆఠీన్లు (రెండు ఆఠీన్లు అని) పలకాలంటే ఐదు ముక్కలుండాలి. డబుల్ (మిగతా సూట్లలో ఒకటి పలకమని భాగస్వామిని అడిగే మాట) చెప్పాలంటే ఇస్పేట్లు తక్కువగా ఉండి, మిగతా మూడు సూట్లకూ మద్దతు ఉండాలి. మూడు ఇస్పేట్లు, నాలుగు ఆఠీన్లు, 13 పాయింట్లు ఉన్నవాడు అక్కడ నిశ్శబ్దంగా పాస్ చెప్పడం సాధారణమే.

కాబట్టి ఆ చేతిలో తురుఫులు లాగేటప్పుడు పడమర ఎన్ని ఇస్పేట్లు వేశాడో చూడాలి. బయట ఉన్నవి మూడే. మూడూ అతని దగ్గరే ఉంటే అతని పాస్ మనకు ఏమీ చెప్పదు. ఒక్కటే ఉంటే కథ మారుతుంది: ఒక ఇస్పేటు, నాలుగు ఆఠీన్లు, మైనర్లలో (డైమండ్, కళావరులలో) ఎనిమిది ముక్కలు, 13 పాయింట్లు ఉన్న చేతితో డబుల్ చెప్పకుండా ఊరుకునేవాడిని నేను చూడలేదు. అంటే ఆసు అతని దగ్గర లేదు, తూర్పు దగ్గర ఉంది, డమ్మీ నుంచి జాకీ వేయాలి. తురుఫులు లాగడం అనే అతి మామూలు పని మనకు కళావరు ఆసు జాడ చెప్పింది. ఇలాంటి చోటే బ్రిడ్జి మీద నా ప్రేమ పెరుగుతుంది.

ఇక లీడ్ సంగతి. ఆటలో పడే 52 ముక్కల్లో మొదటి ముక్కకు ఒక ప్రత్యేకత ఉంది: డమ్మీని చూడకముందు పడేది అదొక్కటే. మిగతా 51 ముక్కలూ డమ్మీని చూసి, దానికి తగ్గట్టు ఆలోచించి వేసేవే. లీడ్ చేసేవాడికి తన 13 ముక్కలు, తాను విన్న బిడ్డింగు తప్ప మరేమీ తెలియదు. అతని లీడ్ ఆ రెండింటి నుంచే పుడుతుంది కాబట్టి, ఆ ముక్కను చూసి అతని చేతిని వెనక్కి చదవవచ్చు. పైగా అది భాగస్వామికి పంపే సందేశం కూడా. సూటులో పైనుంచి లెక్కపెట్టి నాలుగో పెద్ద ముక్క వేయాలని ఒప్పందం ఉంటే నాలుగోదే వేయాలి, వరుస ఉంటే దాని తలను వేయాలి. ఒప్పందాలు దాచుకోవడానికి వీల్లేదు. డూప్లికేట్ బ్రిడ్జి చట్టాల ప్రకారం అవి మనకు కూడా తెలియవలసిందే. అడిగి తెలుసుకోవడం మన హక్కు. ఆ హక్కును వాడుకోకుండా మొదటి ట్రిక్కులో ముక్క వేసేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

నాలుగో పెద్ద ముక్క లీడ్‌కు పదకొండు సూత్రం ఉంది. బ్రిడ్జికి ముందున్న విస్ట్ ఆట రోజుల నుంచీ రాబర్ట్ ఫాస్టర్ పేరుతో చెలామణీలో ఉన్న సూత్రం ఇది. లీడ్ పడిన ముక్క అంకెను 11 నుంచి తీసేస్తే, లీడ్ చేసినవాడి చేతిలో కాక మిగతా మూడు చేతుల్లో దానికన్నా పెద్ద ముక్కలు ఎన్ని ఉన్నాయో వస్తుంది. మూడు నో ట్రంప్ (తురుఫు లేకుండా ఆడే కాంట్రాక్టు) మీద ఆఠీను 6 పడింది. డమ్మీలో రాణి, 10, 3. మన చేతిలో ఆసు, 9, 8. పదకొండులో ఆరు పోతే ఐదు. డమ్మీలో రెండు, మన దగ్గర మూడు, మొత్తం ఐదూ ఇక్కడే ఉన్నాయి. తూర్పు దగ్గర 6 కన్నా పెద్ద ఆఠీను ఒక్కటి కూడా లేదు. డమ్మీ నుంచి 3 వేస్తే చాలు, 8తో ట్రిక్కు మనదే. ఆ సూటులో మూడు ట్రిక్కులూ ఒక్కటి పోకుండా వస్తాయి. ఈ లెక్క వేయనివాడు తొందరపడి రాణి వేస్తాడు, ఉన్న బలాన్ని మొదటి ట్రిక్కులోనే ఖర్చు చేస్తాడు.

పదకొండు సూత్రం చాలామందికి తెలుసు కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. దానికన్నా లోతైనది, తక్కువమంది వాడేది ఇంకొకటి ఉంది. ఒక నో ట్రంప్, మూడు నో ట్రంప్ అని మన బిడ్డింగు ముగిసింది, ప్రత్యర్థులు ఏమీ పలకలేదు. పడమర ఇస్పేటు 2 లీడ్ చేశాడు. నాలుగో పెద్ద ముక్క 2 అంటే ఐదో ముక్క లేదు. ఇస్పేట్లు సరిగ్గా నాలుగే. ఇంతవరకూ అందరూ వెళతారు. ఇంకొక అడుగు వేయండి. నో ట్రంప్ మీద మనిషి తన పొడుగాటి సూటు నుంచి లీడ్ చేస్తాడు. అతనికి మరో సూటులో ఐదు ముక్కలుంటే అక్కడి నుంచే లీడ్ చేసి ఉండేవాడు. అంటే అతని దగ్గర ఏ సూటులోనూ ఐదు ముక్కలు లేవు. అప్పుడు అతని ఆకారం 4-3-3-3, 4-4-3-2, 4-4-4-1, ఈ మూడింటిలో ఒకటి కాక తప్పదు. ఏ సూటూ ఖాళీగా ఉండే వీలే లేదు, ఎందుకంటే మూడు సూట్లలో నాలుగేసి కలిపినా 12 ముక్కలే అవుతాయి. ఒంటి ముక్క ఉండాలన్నా అతను కచ్చితంగా 4-4-4-1 అయి ఉండాలి.

ఒక్క ఇస్పేటు 2 మనకు ఇస్పేట్ల గురించే కాదు, కళావరు గురించి, డైమండ్ గురించి, ఆఠీను గురించి కూడా చెప్పింది. ఆ తర్వాత కళావరులో ఎవరి దగ్గర నాలుగు ముక్కలు ఉండవచ్చు, ఎటువైపు జాగ్రత్త పడాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు పట్టికలోని 28 శాతం 4-1 చీలిక మనకు అదే అంకెగా ఉండదు. పడమర దగ్గర ఒంటి ముక్క ఉండే వాటా బాగా తగ్గిపోతుంది. ఇది తిరుగులేని నిజం అనడం లేదు. ఐదు ముక్కల సూటు మరీ బలహీనంగా ఉండి, దాన్ని గెలిపించుకుని తిరిగి లీడ్‌లోకి వచ్చే దారి లేకపోతే కొందరు దాన్ని వదిలేస్తారు. మనం పలికిన సూటే అతని ఐదు ముక్కల సూటు అయితే అందులోంచి లీడ్ చేయకపోవచ్చు. పైన మన పక్షం ఏ సూటూ పలకలేదని ముందే చెప్పింది అందుకే.

తురుఫు కాంట్రాక్టుల మీద వేయని లీడ్‌కు ఇంకా ఎక్కువ అర్థం ఉంటుంది. ఒక సూటులో ఆసు, రాజు కలిసి ఉంటే అంతకన్నా హాయైన లీడ్ లేదు. గెలుస్తూనే డమ్మీని చూడవచ్చు. కాబట్టి పడమర మరో సూటు నుంచి చిన్న ముక్క లీడ్ చేశాడంటే, మనకు కనిపించని ఆసు, రాజుల జంట ఏ సూటులోనూ అతని ఒక్కడి దగ్గరే లేదని మొదటి ట్రిక్కులోనే రాసిపెట్టుకోవచ్చు. అలాగే తూర్పు ఆఠీన్లు పలికినా పడమర ఆఠీను లీడ్ చేయకుండా డైమండ్ లీడ్ చేశాడంటే, భాగస్వామి మాట కాదన్నాడంటే, దానికి బలమైన కారణం ఉండాలి. అతని దగ్గర ఆఠీన్లు అసలు లేకపోవచ్చు. ఆ డైమండ్ ఒంటి ముక్క అయి ఉండి తురుఫుతో కొట్టాలన్న ఆశ ఉండవచ్చు. లేదా ఆఠీను ఆసు తన దగ్గర ఉండి దాన్ని కదిలించడం ఇష్టం లేకపోవచ్చు. ఇక మనం రెండు సూట్లు పలికాక పడమర తురుఫు లీడ్ చేశాడంటే, మన రెండో సూటులో అతనికి బలం ఉందనీ, దాన్ని డమ్మీలో మనం తురుఫుతో కొట్టుకోకుండా ఆపాలని చూస్తున్నాడనీ అర్థం. ఆ రెండో సూటు సాఫీగా చీలుతుందన్న ఆశ అక్కడితో వదులుకోవడం మంచిది.

శాతాల మీద నా ఫిర్యాదుకు మళ్లీ వస్తాను. క్లబ్బుల్లో వేదవాక్యంలా వినిపించే మాట ఒకటుంది: మన రెండు చేతుల్లో కలిపి ఒక సూటులో ఎనిమిది ముక్కలుంటే రాణికి ఫినెస్ చేయాలి (రాణి ముందు ఆడే ప్రత్యర్థి దగ్గరే ఉందని నమ్మి, పెద్ద ముక్క బదులు జాకీతోనే గెలవాలని చూడాలి), తొమ్మిది ఉంటే ఫినెస్ వద్దు, రాణి దానంతట అదే పడుతుంది. ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే దాని బలం ఎంతో తెలుస్తుంది. బయట నాలుగు ముక్కలున్నాయి: రాణి, మూడు చిన్నవి. డమ్మీ ఆసు వేశాం, ఇద్దరూ చిన్నవి వేశారు. డమ్మీ నుంచి మళ్లీ చిన్నది నడిపాం, తూర్పు మరో చిన్నది వేశాడు. ఇప్పుడు మిగిలింది రాణి ఒక్కటే. తూర్పు ఈ సూటులో రెండు చూపించాడు, అతని చేతిలో మనకు తెలియని చోట్లు 11. పడమర ఒకటే చూపించాడు, అతని చేతిలో 12. రాణి పడమర దగ్గర ఉండే అవకాశం 12కు 11. తొమ్మిది ఉంటే ఫినెస్ వద్దన్న సలహాకు ఉన్న ఆధారమంతా ఈ ఒక్క ముక్క తేడాయే.

ఇప్పుడు పడమర మధ్యలో ఆఠీన్లు పలికి ఐదు ముక్కలు చూపించాడనుకోండి, తూర్పుకు మూడు ఉన్నాయని మన లెక్కలో తేలింది. పడమర దగ్గర తెలియని చోట్లు 13లోంచి 5, 1 పోగా 7. తూర్పు దగ్గర 13లోంచి 3, 2 పోగా 8. తూకం తిరగబడింది. అంత మామూలు బిడ్ చాలు, ఆ సలహా చెల్లకుండా పోవడానికి. పడమర మూడు ఆఠీన్లతో ఓపెన్ చేసి ఏడు ముక్కలు చూపించి, తూర్పుకు రెండే ఉంటే లెక్క 5కు 9. ఫినెస్ గెలిచే అవకాశం దాదాపు 64 శాతం. అప్పుడు కూడా తొమ్మిది సూత్రం చెప్పి రాణి పడుతుందని ఎదురుచూసేవాడు బిడ్డింగును వినలేదన్నమాటే.

విన్నదాన్ని బట్టి లెక్కించడం ఒక మెట్టు. దానికి పైన ఇంకో మెట్టు ఉంది. నా ఉద్దేశంలో డిక్లేరర్ విద్యలో అన్నిటికన్నా అందమైనది అదే: కాంట్రాక్టు గెలవాలంటే ఏది నిజం కావాలో అది నిజమే అనుకుని, అలా అనుకున్నందువల్ల మిగతా ముక్కలు ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం.

పడమర డీలర్, పాస్ చెప్పాడు. చివరికి మనం నాలుగు ఇస్పేట్లలో ఉన్నాం. మన చేతిలో ఇస్పేటు ఆసు, జాకీ, 10, 7, 5. ఆఠీను 7, 5, 3. డైమండ్ జాకీ, 4. కళావరు ఆసు, రాణి, 9. డమ్మీలో ఇస్పేటు రాజు, 9, 8, 2. ఆఠీను ఆసు, 6, 2. డైమండ్ ఆసు, రాణి, 6. కళావరు జాకీ, 10, 4. పడమర ఆఠీను రాజు లీడ్ చేశాడు; అంటే రాణి కూడా అతని దగ్గరే. డమ్మీ ఆసుతో గెలిచాం. తురుఫు రాణిని ఎటు ఫినెస్ చేసినా చేయవచ్చు, లేదా పడగొట్టాలని చూడవచ్చు. ఇక్కడ తొందర పనికిరాదు. తురుఫులను ముట్టుకోకుండా ముందు కళావరు జాకీని నడిపిస్తే, చిన్న ప్రమాదం ఉన్నా, ఒక సమాచారం దొరుకుతుంది. జాకీని పడమర రాజుతో గెలిచాడు. ఆఠీను రాణి తీసుకుని, మూడో ఆఠీను తూర్పుకు ఇచ్చాడు. తూర్పు జాకీతో గెలిచి కళావరు తిప్పి ఇచ్చాడు. మూడు ట్రిక్కులు పోయాయి. ఇక ఒక్కటి కూడా పోకూడదు.

డైమండ్ రాజు పడమర దగ్గర లేకపోతే మనం ఓడిపోయినట్టే. ఆ అవకాశం గురించి ఆలోచించి ప్రయోజనం లేదు. కాబట్టి ఉందనే అనుకుందాం. అప్పుడు పడమర చేతిలో ఆఠీను రాజు, రాణి 5 పాయింట్లు, కళావరు రాజు 3, డైమండ్ రాజు 3, మొత్తం 11. ఇస్పేటు రాణి కూడా అతని దగ్గరే ఉంటే 13 అవుతాయి, ఓపెన్ చేసి ఉండేవాడు. అతను పాస్ చెప్పాడు. కాబట్టి ఇస్పేటు రాణి తూర్పు దగ్గరే ఉండాలి. డమ్మీ రాజు వేసి, మళ్లీ డమ్మీ నుంచి చిన్నది నడిపి జాకీ వేయాలి. మన దగ్గర తొమ్మిది తురుఫులు ఉన్నాయన్నది ఇక్కడ అప్రస్తుతం. గమనించండి, డైమండ్ రాజు పడమర దగ్గర ఉందని మనకు ఏ సాక్ష్యమూ లేదు. అవసరమే దాన్ని మన లెక్కలో చేర్చింది, ఆ చేర్పు మరో సూటులోని రాణిని వెతికి పట్టింది.

దీనికి ఒక అభ్యంతరం తరచుగా వింటాను. ప్రత్యర్థులు గొప్ప ఆటగాళ్లయితే ఈ తర్కం సరే, మన క్లబ్బుల్లో 13 పాయింట్లతో పాస్ చెప్పేవారూ, ఆసు కింద నుంచి లీడ్ చేసేవారూ ఉన్నారు కదా, వారి మీద ఈ లెక్కలు నిలుస్తాయా అని. అభ్యంతరంలో కొంత నిజం ఉంది. అయితే దానికి జవాబు లెక్క మానేయడం కాదు, మనిషిని బట్టి లెక్క వేయడం. ఓపెనింగుకు బద్ధకించే మనిషి ఎవరో, నాలుగు ముక్కలకే ఓవర్‌కాల్ (ప్రత్యర్థి ఓపెన్ చేశాక పలికే బిడ్) చెప్పే మనిషి ఎవరో క్రమం తప్పకుండా ఆడే బల్లల మీద అందరికీ తెలుస్తుంది. అలాంటివాడి పాస్‌కు 13 బదులు 14 గీత గీసుకోవాలి. అదీకాక, పదమూడు ముక్కల లెక్కకు మనిషి నైపుణ్యంతో పని లేదు. ఎంత కొత్త ఆటగాడికైనా చేతిలో 13 ముక్కలే ఉంటాయి, బల్ల మీద మొత్తం 40 పాయింట్లే ఉంటాయి. మనకు 24 ఉండి, ప్రత్యర్థుల్లో ఒకరు 15 నుంచి 17 పాయింట్ల నో ట్రంప్‌తో ఓపెన్ చేస్తే, రెండోవాడికి మిగిలేది మహా అయితే ఒక్క జాకీ. ఆ రెండోవాడి వైపు రాజు కోసం వెతకడం అవివేకం.

నేను నమ్మని సాక్ష్యం కూడా ఒకటుంది: ప్రత్యర్థి తడబాటు. అతను ముక్క వేయడానికి తటపటాయించాడు కాబట్టి రాణి అతని దగ్గరే ఉందనుకోవడం చట్టప్రకారం మన హక్కే, కానీ తప్పితే ఫలితం మనమే భరించాలి. ఆలోచించడానికి ఏమీ లేనప్పుడు ఆలోచిస్తున్నట్టు కావాలని నటించడం నిషిద్ధం. అయినా నిజాయితీగా ఆలోచించేవాడు రాణి గురించే ఆలోచిస్తున్నాడని ఎలా చెప్పగలం? తర్వాతి ట్రిక్కు గురించి ఆలోచిస్తూ ఉండవచ్చు. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడైతే ఆ ఆలస్యం అతని నెట్ కనెక్షన్‌ది కావచ్చు. బిడ్డింగూ లీడూ ఇంత స్పష్టంగా మాట్లాడుతుండగా ముఖకవళికల వెంట పడటం నాకు నచ్చదు.

ఈ చదువు బల్ల దగ్గర ఒక్కసారిగా రాదు. డమ్మీ పడగానే వెంటనే ముక్క వేయకుండా మూడు ప్రశ్నలు వేసుకునే అలవాటు చేసుకోవాలి: ఎవరు ఏ బిడ్ చెప్పగలిగి ఉండీ చెప్పలేదు, ఈ లీడ్ ఏ చేతి నుంచి వస్తుంది, ఏ లీడ్ రావలసి ఉండీ రాలేదు. టోర్నమెంటు ముగిశాక ఇచ్చే, నలుగురి చేతులూ అచ్చువేసిన హ్యాండ్ రికార్డు కాగితాన్ని మనవాళ్లు ఎక్కువగా ఏ కాంట్రాక్టు సాధ్యమో చూడటానికి వాడతారు. నేను తూర్పు, పడమర చేతులను అట్టముక్కతో కప్పేసి, గుర్తున్న బిడ్డింగు, మొదటి లీడ్ మాత్రం పైన రాసుకుని, ముందు ఇద్దరి ఆకారం, తర్వాత పాయింట్లు, చివరగా ఒక్కొక్క ఆనర్ ముక్క (ఆసు, రాజు, రాణి లాంటి పెద్ద ముక్క) ఎక్కడుందో పెన్సిలుతో నింపుతాను. తర్వాత అట్ట తీసి చూసినప్పుడు ఎక్కడ తప్పిందన్నదే అసలు పాఠం: ఆకారం తప్పితే నేను లీడ్‌ను సరిగా చదవలేదు, పాయింట్లు తప్పితే ఏదో ఒక పాస్‌ను వినలేదు.